మసిమ్మ గొంతు

ఆ ఏడు ఎండలు అడవిని కుమ్మరి ఆవంలో పెట్టినట్టు కాల్చేశాయి. వాగులు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. ఎర్రరాళ్ల లోయ మొత్తానికి ఏదుల మడుగు ఒక్కటే మిగిలింది. అదైనా నిండుగా ఉందా అంటే, చుట్టూ పెచ్చులు కట్టిన బురద, నడిమధ్యన కాసిని నీళ్లు. ఆ కాసిని నీళ్లకే దుప్పుల మంద రావాలి, అడవిపందులు రావాలి, కుందేళ్లూ కౌజుపిట్టలూ రావాలి.

మడుగు గట్టున పెద్ద ఏరుమద్ది చెట్టు. దాని మీద కొండముచ్చుల కాపురం. కొండముచ్చులకూ దుప్పులకూ తాతల నాటి పొత్తు ఉంది. పైవాళ్లు ఆకులూ కాయలూ దులిపి కింద పడేస్తారు, దూరం చూసి చెబుతారు. కిందివాళ్లు గాలిలో వాసన పట్టి చెబుతారు. చూపు ఒకరిది, ముక్కు ఇంకొకరిది. అలా ఇరువైపులా బతుకు సాగిపోతోంది.

పై కొమ్మ మీద కాపలా మసిమ్మది. మిగతా కొండముచ్చుల కంటే ఆమె మూతి ఇంకాస్త నలుపు, అందుకని ఆ పేరు. కాపలా ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ‘ఖఁక్’మని ఆమె ఒక్క కేక వేసిందంటే లోయలో ఏ మూల ఉన్న దుప్పికైనా కాళ్లు వాటంతటవే లేచేవి. ఆ సంగతి మసిమ్మకు తెలుసు. తెలిసినందుకు కాస్త గర్వం కూడా ఉంది.

ఒక మధ్యాహ్నం సుద్దులయ్య అనే గుంటనక్క చెట్టు నీడకు వచ్చి కూర్చున్నాడు. ఊరూరా కబుర్లు మోస్తాడని అడవి పెట్టిన పేరు అది.

“ఏం వదినా, అంతా కులాసాయేనా?”

“ఈ ఎండలో కులాసా ఎక్కడిది సుద్దులయ్యా? ఏంటి కబుర్లు?”

నక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అనకూడదు గానీ, అనకుండా ఉండలేను. పక్క లోయలో పెద్దపులి దిగింది.”

మసిమ్మ తోక నిక్కబొడుచుకుంది. “నువ్వు చూశావా?”

“నేను చూడ్డమేంటమ్మా, ముంగిస చూసిందట. ముంగిస నెమలికి చెప్పింది. నెమలి అబద్ధం ఆడుతుందా? నిప్పు లేనిదే పొగ రాదు గదా!”

“అయితే ఇటు వస్తుందంటావా?”

“నేనేం అనను. నా దారిన నేను పోయేవాణ్ణి. కాకపోతే నీ గురించే నా బెంగ. అంత ఎత్తున ఒక్కదానివి కూర్చుంటావు. ఒక్కసారి ఏమరితే, ఒక్కసారి ‘ఆఁ, గాలిలే’ అనుకుంటే, ఆ పాపం ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నేనైతేనా, ఆకు కదిలినా అరుస్తా. ఊరికే పరిగెత్తితే పోయేదేముంది, కాళ్ల నొప్పులు. పరిగెత్తకపోతే పోయేది ప్రాణం!”

ఆ మాటలో మసిమ్మకు తప్పేమీ కనబడలేదు. నిజమే కదా అనిపించింది. నిజమే కదా అనిపించే మాటల్లోనే గుంటనక్కలు కాపురం ఉంటాయని అప్పటికి ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. మోదుగాకు రాలితే కేక. కౌజు రెక్క కొట్టుకుంటే కేక. ఎండుకర్ర చిటుక్కుమంటే కేక. కేక పడ్డ ప్రతిసారీ దుప్పులు నోట్లో నీళ్లు నోట్లోనే ఉండగా తూర్పు గట్టు మీదికి పరుగు. వెనక్కి వచ్చి మూతి వంచేలోపు మళ్లీ కేక.

అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నట్టు, ఇక మందలో తలొకరూ ఒకటి చూశారు. ఒకరికి పొదలో పచ్చటి కళ్లు కనబడ్డాయి. ఇంకొకరికి బురదలో పంజా కనబడింది. మందకు పెద్దయిన కొమ్మన్న, తల మీద కొమ్ములు చెట్టంత ఉన్న మగదుప్పి, “నాకు వాసన కూడా తగిలింది” అన్నాడు. తగల్లేదు. పెద్దవాడు కాబట్టి ఏదో ఒకటి తగలకపోతే బాగుండదని అన్నాడు.

రోజులు గడిచేకొద్దీ దుప్పుల డొక్కలు వీపుకు అంటుకున్నాయి. తల్లులకు పాలు తగ్గాయి. పిల్లలు పరుగులో వెనకబడడం మొదలుపెట్టాయి. వెనకబడ్డవాటిలో కొన్ని తిరిగి రాలేదు.

“చూశారా, నేను చెప్పలా?” అంటూ సుద్దులయ్య గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. “పాపిష్టి పులి! పాలు తాగే పసికూనల్ని కూడా వదల్లేదు. మసిమ్మ వదినా, నీ మీదే భారం. ఇంకాస్త గట్టిగా అరవాలి నువ్వు!”

మసిమ్మ ఇంకాస్త గట్టిగా అరిచింది. నిద్ర లేదు, తిండి లేదు. కళ్లు ఎర్రబడ్డాయి. గొంతు బొంగురుపోయింది. కళ్లు మూసుకుంటే చారలు, తెరిస్తే చారలు. ఎండ పడ్డ ప్రతి గడ్డిపరకా పులిలాగే కనబడేది.

ఒకనాడు ఎండ కాస్త వాలిన వేళ దుప్పులు భయపడుతూ భయపడుతూ నీళ్లకు దిగాయి. చుక్కి అనే తల్లిదుప్పి తన పిల్లను మూతితో ముందుకు తోసుకుంటూ వచ్చింది. పిల్ల కాళ్లు పుల్లల్లా ఉన్నాయి, నడుస్తుంటే వణుకుతున్నాయి. అది మూతి నీళ్లకు తగిలించిందో లేదో, పక్కనున్న బలుసు పొద గలగలా ఊగింది.

మసిమ్మ ఆలోచించలేదు. “ఖఁక్! ఖఁక్!”

మంద లేచిపోయింది. దుమ్ము లేచింది. చుక్కి పిల్ల నాలుగు అంగలు వేసి ముందుకాళ్ల మీద కూలబడింది.

ఈసారి మసిమ్మ చూపు మంద వెనక పోలేదు. పులిని కళ్లారా చూడాలని పొద మీదే నిలిపింది. పొద ఊగుతూనే ఉంది. ఊగి ఊగి ఆగింది. అందులోంచి సుద్దులయ్య బయటికి వచ్చాడు. నోట్లో బలుసు కొమ్మ. దాన్ని ఉమ్మేసి, మీసాలు నాక్కుని, తొందరేమీ లేకుండా పిల్ల వైపు నడిచాడు.

అడవిలో అందరి పొట్టలూ వీపుకు అంటుకుంటే ఈయన పొట్ట మాత్రం పండిన గుమ్మడికాయలా ఉంది. ఇన్నాళ్లూ అది ఆమె కళ్ల ముందే తిరిగింది. పులి కోసం వెతుకుతూ నక్కను చూడలేదు.

మసిమ్మకు అప్పుడు అర్థమైంది. ‘పిల్లల్ని తిన్నది వీడు. కానీ వీడి నోటికి అందించింది నా గొంతు.’

కొండముచ్చులు నేల మీద నక్కకు ఎదురుపడవు. చెట్టు మీద ఉన్నంతసేపే వాటి పౌరుషం. మసిమ్మకు ఆ సంగతి గుర్తు రాలేదు. కొమ్మ మీంచి కొమ్మకు జారి, నేల మీదికి దూకి, పిల్లకూ నక్కకూ మధ్య నిలబడింది.

సుద్దులయ్య ఉలిక్కిపడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. “అయ్యో వదినా! కిందికి దిగావేంటి? పులి తిరుగుతుంటే!”

“ఎక్కడ పులి?”

“అదేంటి, ఇప్పుడేగా నువ్వే అరిచావు!”

“అరిచాను. నీ కోసమే అరిచానని ఇప్పుడు తెలిసింది. ఇక అరవను.”

నక్క నవ్వు మూతి మీంచి జారిపోయింది. పళ్లు బయటపడ్డాయి. “పక్కకు తప్పుకో. నీ ఒంట్లో కండ ఎంత, నా పంటికి ఎన్ని క్షణాలు? అరవకపోతే నిన్ను లెక్కచేసేదెవరు? కేకే నీ పెద్దరికం. అది పోతే నువ్వూ ఒక మామూలు కోతివి.”

“మామూలు కోతినే. రా.”

మసిమ్మ కాళ్లను నేలకు తొక్కిపెట్టి నిలబడింది. నక్క దూకాడు. ఆమె చెయ్యి ఫెడీమని అతని చెంప మీద పడింది. నక్క పళ్లు ఆమె మోచేతిలో దిగాయి. నెత్తురు కారింది. అయినా ఆమె జరగలేదు. ఇంతలో పిల్లను వెతుక్కుంటూ వెనక్కి వచ్చిన చుక్కి, చూసింది చూసినట్టే ఒక్క ఉరుకున వచ్చి వెనక్కాళ్లతో నక్క డొక్కలో తన్నింది. సుద్దులయ్య కుయ్యిమంటూ పొదలో పడి, అటు నుంచి అటే మాయమయ్యాడు.

ఆ సాయంత్రం మసిమ్మ అందరినీ పిలిచి జరిగింది చెప్పింది. ఏదీ దాచలేదు.

కొమ్మన్న కొమ్ములు ఆడించాడు. “అంటే ఇన్నాళ్లూ మమ్మల్ని గాలికి పరిగెత్తించావా అక్కా?”

“అవును తమ్ముడూ.”

“ఎందుకు?”

“భయపడి.”

పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఆమె వైపు చూశారు. చూసి, మొహం తిప్పుకున్నారు. తిట్టి ఉంటేనే మసిమ్మకు తేలికగా ఉండేది.

కాసేపటికి ఒక ముసలి దుప్పి అడిగింది. “అయితే పులి లేదంటావా?”

“లేదని ఎలా అంటాను అవ్వా? ఉండొచ్చు. పక్క లోయలో ఉంటే ఉండనీ. అది ఇక్కడ అడుగుపెట్టిన రోజు చెబుతా. అప్పటిదాకా నా గొంతు దానికి అరువివ్వను. నన్ను నమ్మమని అడిగే మొహం నాకు లేదు. కానీ నీళ్లు తాగండి. దాహంతో చస్తే పులికి పని కూడా ఉండదు.”

మర్నాడు మసిమ్మ పై కొమ్మ మీద నోరు మూసుకుని కూర్చుంది. అప్పుడు తెలిసింది, కేకకు అలవాటుపడ్డ మందకు మౌనం ఇంకా భయమని. చీమ చిటుక్కుమంటే చాలు, దుప్పులన్నీ మెడలెత్తి పైకి చూసేవి. అరవదేంటి? ఎందుకు అరవదు? గొంతు పోయిందా? నిద్రపోతోందా? అందులో ఒకటి బెదిరితే అన్నీ బెదిరేవి. ఆమె అరవకుండానే మంద ఒకసారి గట్టెక్కి దిగింది.

చుక్కి పైకి చూసి బతిమాలింది. “అత్తా, ఏదో ఒకటి అను. నువ్వు ఊరుకుంటే గుండె ఆగేట్టుంది.”

మసిమ్మ ఆలోచించింది. అవును, చూసేది తను. చూసింది తన దగ్గరే పెట్టుకుంటే కిందివాళ్లకు ఏం తెలుస్తుంది?

“సరే వినండి,” అంది. “ఇందాకటి చప్పుడు తొండ. రాతి మీంచి దూకింది.”

మెడలు కొన్ని దిగాయి.

“ఇప్పటిది గాలి. రెల్లు మొత్తం ఒకే వైపు వంగింది. ఇది ఎండుకాయ. ఆ పొదలో ఉన్నది కుందేలు, చెవులు కనబడుతున్నాయి. పడమర ఖాళీ. ఉత్తరం ఖాళీ. నీళ్లు తాగండి.”

అలా రోజంతా చెబుతూనే ఉంది. అరుపు లేదు, వేదాంతం లేదు. ఇంట్లో పెద్దదిక్కు వంట చేసుకుంటూ మధ్యమధ్యలో పిల్లలతో మాట్లాడినట్టు, ఉన్నది ఉన్నట్టు. దుప్పులు మొదట గుక్కెడు తాగాయి. మర్నాడు ఇంకో గుక్కెడు. కొన్నాళ్లకు తాగుతూ తాగుతూ చెవులు కూడా ఆడించడం మానేశాయి. తల్లులకు పాలు వచ్చాయి. చుక్కి పిల్ల ఒకనాడు బురదలో గెంతి, తల్లి చేత తన్నులు కూడా తింది.

“నీకు భయం పోయిందా అత్తా?” అని చుక్కి అడిగింది.

“పోలేదు. దాన్ని తోక కింద పెట్టుకుని కూర్చున్నా. నేను లేస్తే అదీ లేస్తుంది. అందుకే లేవను.”

మంద నిలకడ చూసి సుద్దులయ్యకు కడుపు మండింది. కడుపులో ఏమీ లేక కూడా మండింది. గుమ్మడికాయ పొట్ట లోతుకు పోయింది. ఇక చాటుమాటు పనికిరాదనుకుని, ఒకరోజు దుప్పులన్నీ నీళ్లలో ఉండగా గట్టు మీంచి పరుగెత్తుకొచ్చాడు.

“పులి! పులి! చచ్చార్రా నాయనా! పరిగెత్తండి!”

మంద ఒక్కసారి కదిలింది. కొమ్మన్న కాలు కూడా లేచింది. అలవాటైన కాళ్లు మరి!

“ఎక్కడ?” పైనుంచి మసిమ్మ గొంతు నెమ్మదిగా వినబడింది.

“ఆ బండ వెనక!”

“బండ వెనక నాకు కనబడుతోంది. ఉడుము ఉంది. ఎండ కాచుకుంటోంది.”

“దాని మాట వింటారా? మిమ్మల్ని గాలికి పరిగెత్తించింది అదే కదా! ఇప్పుడు పులికి అప్పజెబుతోంది!”

ఆ మాట సూటిగా తగిలింది. దుప్పులు పైకి చూశాయి.

“అది నిజమే,” అంది మసిమ్మ. “పరిగెత్తించాను. మీరు పడ్డారు, నేను చూశాను. అందుకే చెబుతున్నా. ఈ నక్క మీరు పరిగెత్తాలని కోరుకుంటున్నాడు. పులిని చూసినవాడు గట్టున నిలబడి మనకు చెబుతాడా? వాడే ముందు పరిగెత్తుతాడు. నిలబడండి. నీళ్లు తాగండి.”

క్షణం సేపు ఎవరూ కదల్లేదు. తరవాత ముసలి దుప్పి తల వంచి నీళ్లలో మూతి పెట్టింది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు మాత్రం తాగలేదు. వాళ్లు నక్క వైపు తిరిగి నిలబడ్డారు. కొమ్మన్న కొమ్ములు దించి గట్టు వైపు ఒక్కో అడుగూ వేశాడు.

“ఏంటిది? మంచికి పోతే చెడు ఎదురైందన్నట్టు...” అని గొణుగుతూ సుద్దులయ్య వెనక్కి వెనక్కి జరిగాడు. ఎవరూ తరమలేదు. అందరూ చూశారు, అంతే. అతను తోక ముడిచి నడిచాడు. నడుస్తూ నడుస్తూ చివరికి పరిగెత్తాడు. ఆ లోయలో ఆ రోజు పరిగెత్తినవాడు అతనొక్కడే.

వానలు ఇంకా రాలేదు. ఒక సాయంత్రం, ఎండ పసుపు తిరిగే వేళ, మసిమ్మ పడమటి వైపు రెల్లు చూస్తోంది. గాలి లేదు. రెల్లు మధ్యలో ఒక్కచోట మాత్రం గడ్డి విడిపోయి మళ్లీ కలిసింది. ఎండా నీడా అనుకుంది. నీడ ఒక అడుగు ముందుకు వేసింది. తలెత్తింది.

పులి.

గొంతులో పాత కేక సుడి తిరుగుతూ పైకి వచ్చింది. పాత కేక వేస్తే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. మంద చెదురుతుంది, పిల్లలు వెనకబడి పులికి చిక్కుతాయి. పళ్లు బిగించి కేకను మింగింది. చేతులు కొమ్మను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే బెరడు ఊడి రాలింది.

“వినండి,” అంది. తొండ గురించి చెప్పిన గొంతే. “పులి. పడమటి రెల్లులో. ఇంకా దూరం ఉంది. తూర్పు గట్టు ఎక్కండి. పిల్లలు ముందు, తల్లులు వెనక. కొమ్ములున్నవాళ్లు చివర. తోసుకోవద్దు, సమయం ఉంది.”

ఒక్క దుప్పి కూడా ‘నిజమా?’ అని అడగలేదు. చుక్కి పిల్లను ముందుకు తోసింది. మంద తీగ లాగినట్టు ఒకదాని వెనక ఒకటిగా గట్టెక్కింది. బురదలో ఒక్క కాలు జారలేదు. చివరన కొమ్మన్న ఆగి, వెనక్కి తిరిగి, కాలితో నేల మీద కొట్టాడు. చూశాంలే అని చెప్పడం అది. చూసేశారని తెలిశాక పులికి వేట సగం చేదైపోతుంది. అయినా దాహం ఉంది కదా, అది రెల్లు దాటి నీళ్ల వైపే వచ్చింది.

నీళ్ల దగ్గర ఇంకా ఒకరున్నారు. సుద్దులయ్య. ఆకలికి నీరసించి, దుప్పులు పోయాక నీళ్లయినా తాగుదామని బురద అంచున పొంచి కూర్చున్నాడు.

“సుద్దులయ్యా!” మసిమ్మ పిలిచింది. “నీకూ చెబుతున్నా. పులి వస్తోంది. లే.”

నక్క అప్పటికే నీళ్ల మీదికి వంగాడు, తల కూడా ఎత్తలేదు. “ఓహో! నేను పుట్టించిన పులిని నాకే చూపిస్తున్నావా వదినా? నీళ్లు కూడా తాగనివ్వవా? పో, పో, ఈ విద్య నాకు తెలియదా!”

“నవ్వులాట కాదు. నీ వెనకే ఉంది. కుడివైపు రాళ్ల సందు ఉంది, దూరు!”

అప్పుడు నక్క నీళ్లలోకి చూశాడు. నీళ్లలో తన మొహం వెనక ఇంకో మొహం ఉంది, తన మొహానికి నాలుగింతలు.

కుడివైపు రాళ్ల సందు నిజంగానే ఉంది. నక్క పట్టే సందు, పులి పట్టని సందు. కానీ సుద్దులయ్య బతుకంతా ఒకరికి మేలు చెప్పి ఎరగడు. పగవాడు మేలు చెబుతాడని ఎలా నమ్ముతాడు? ‘కుడి అంటోందంటే ఎడమే దారి’ అనుకున్నాడు. ఎడమకు దూకాడు. ఎడమన ఉన్నది మోకాలి లోతు బురద. నాలుగు కాళ్లూ అందులో దిగిపోయాయి. పులికి పరుగు కూడా అక్కర్లేకపోయింది.

పై కొమ్మ మీద మసిమ్మ కళ్లు మూసుకోలేదు. కాపలావాళ్లు మూసుకోకూడదు. పులి పని ముగించుకుని, నీళ్లు తాగి, వచ్చిన దారినే రెల్లులోకి పోయేదాకా చూసింది. అప్పుడు తూర్పు గట్టు వైపు తిరిగి, “పోయింది. కాసేపు ఆగి దిగండి,” అని చెప్పింది. చెప్పాక, అప్పుడు మాత్రమే, ఒళ్లంతా వణికింది.

నీతి: భయం అందరికీ పుడుతుంది; దాన్ని కేకగా వదిలినవాడు మందను చెదరగొడతాడు, మింగి ఉన్నమాట చెప్పినవాడు మందను గట్టెక్కిస్తాడు.